యోధజాతి ముద్ర వేసింది ఎవరు? సైన్యంలో జాతి భేదం, ప్రభుత్వ విధానం

మీ ప్రశ్నలో మీ మిత్రుడి మాటలు రెండున్నాయి. సైన్యంలో కనిపించే జాతి భేదం సమాజంలో ఉన్నదే, దానికి ప్రభుత్వం చేసిందీ చేయగలిగిందీ ఏమీ లేదన్నది ఒకటి. తెలుగువాళ్ళు స్వభావరీత్యా యుద్ధానికి పనికిరారు, ఆ సంగతి బ్రిటిష్ సేనాధిపతులు ఎప్పుడో కనిపెట్టారన్నది రెండోది. రెండోదానికి సరిగ్గా జవాబు చెబితే మొదటిదానికీ జవాబు దొరుకుతుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

నేను పదాతిదళంలో 22 ఏళ్ళు పనిచేశాను. పదవీ విరమణ తర్వాత మద్రాసు సైన్యం చరిత్ర చదవడమే పనిగా పెట్టుకున్నాను. దానికి కారణం ఒక చిన్న సంఘటన. శిక్షణ రోజుల్లో ఒక ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి, "మీ వైపు వాళ్ళు లెక్కలకు, కాగితం పనికి బాగా పనికొస్తారు, రైఫిలు మాత్రం మా వాళ్ళది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను చిన్నబుచ్చాలని కూడా అనలేదు. తన ఉస్తాద్ దగ్గర విన్నది చెప్పాడు, ఆ ఉస్తాద్ తన ఉస్తాద్ దగ్గర విని ఉంటాడు. ఈ మాట మొట్టమొదట అన్నదెవరో తెలుసుకోవాలనిపించింది. వెనక్కి వెనక్కి వెళితే చివరికి కనిపించింది పల్లెటూళ్ళో పుట్టిన సామెత కాదు, సైనిక కార్యాలయంలో పుట్టిన నిర్ణయం. కొన్ని జాతులే పుట్టుకతో యోధులు, మిగతావాళ్ళు కాదన్న ఆ ముద్రే 'యోధజాతి' ముద్ర.

ముందు ఒక పాత సంగతి. 1756లో ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ మద్రాసు నుంచి బెంగాలుకు ఓడల్లో వెళ్ళినప్పుడు వెంట సిపాయిలను తీసుకువెళ్ళాడు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. బెంగాలు ప్రజలు వాళ్ళను 'తిలంగా'లన్నారు. తర్వాత అవధ్ నుంచి, బీహారు నుంచి కంపెనీ పల్టన్లలో చేరినవాళ్ళకూ అదే పేరు అంటుకుంది. చివరికి ఎర్రకోటు తొడుక్కున్న సిపాయి ఏ ఊరివాడైనా తిలంగాయే అయ్యాడు. 1857లో ఢిల్లీలో రాసిన ఉర్దూ కాగితాల్లో తిరుగుబాటు సిపాయిలను తిలంగాలనే ప్రస్తావించారు. వందేళ్ళ పాటు ఉత్తర భారతంలో సిపాయి అన్న మాటకు మన జాతి పేరే మారుపేరు. మద్రాసు సైన్యం 1799లో శ్రీరంగపట్నంలో, 1817లో మహిద్‌పూర్‌లో పోరాడింది. 1824లో బర్మాకు, 1840లో చైనాకు సముద్రం దాటి వెళ్ళింది. అప్పట్లో ఈ జాతికి యుద్ధం రాదని ఎవరూ అనలేదు. ఆ సిపాయిలతోనే రాజ్యాలు గెలుస్తున్న కంపెనీకి అలా అనే అవసరం లేదు.

1857 తర్వాత అంతా మారింది. తిరగబడింది ప్రధానంగా బెంగాల్ సైన్యం, అందులో అవధ్, బీహారుల నుంచి వచ్చిన అగ్రవర్ణ సిపాయిలు. ఢిల్లీని తిరిగి పట్టుకోవడానికి బ్రిటిష్ వాళ్ళకు తోడ్పడినవాళ్ళు సిక్కులు, పంజాబీ ముస్లింలు, గూర్ఖాలు. అంతకు పదేళ్ళ ముందు జరిగిన రెండు సిక్కు యుద్ధాల్లో ఇదే బెంగాల్ సైన్యం కంపెనీ తరఫున లాహోరు సిక్కు సైన్యాన్ని ఓడించింది. గెలిచినవాళ్ళు కొద్దికాలంలోనే నమ్మరానివాళ్ళయ్యారు, ఓడినవాళ్ళు పుట్టు యోధులయ్యారు. పదేళ్ళలో మనుషుల రక్తం మారదు, మారింది పాలకుల అవసరం.

తిరుగుబాటుపై విచారించిన పీల్ కమిషన్ 1859లో నివేదిక ఇచ్చింది. బెంగాలులో ప్రతి ఇద్దరు భారతీయ సిపాయిలకు ఒక ఐరోపా సైనికుడు, మద్రాసు, బొంబాయిల్లో ముగ్గురికి ఒకరు ఉండాలన్న లెక్క అప్పటిదే. ఫిరంగిదళం కొన్ని పర్వత బ్యాటరీలు తప్ప మొత్తం బ్రిటిష్ వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. బ్రిటిష్ సైనికుడికి కొత్త రైఫిలు వస్తే భారతీయ సిపాయికి అంతకు ముందు తరం రైఫిలు ఇచ్చేవాళ్ళు. చేతిలో పాత తుపాకీ ఉన్నవాడు కొత్త తుపాకీ ఉన్నవాడి కంటే తక్కువగానే కనిపిస్తాడు. చూసేవాడికి తుపాకీ గుర్తుండదు, మనిషి చర్మం రంగే గుర్తుంటుంది. ఒక విధానం భేదాన్ని ఎలా పుట్టిస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలియదు.

ఇక మన సంగతి. ఫ్రెడరిక్ రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి ప్రధాన సేనాధిపతి. తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి ప్రధాన సేనాధిపతి. ఆయన ఉద్యోగ జీవితమంతా అంతకుముందు బెంగాల్ సైన్యంలో, వాయవ్య సరిహద్దులో గడిచింది. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు గూర్ఖాలు, సిక్కులు, స్కాట్లండ్ హైలాండర్లతో నడిచిన ప్రయాణం ఆయనకు పేరు తెచ్చింది. మద్రాసు వచ్చాక ఇక్కడి సిపాయిల్లో పూర్వీకుల పోరాట గుణం కోసం ఎంతో వెతికానని, దీర్ఘకాలపు శాంతి వల్ల అది చచ్చిపోయిందన్న నిర్ణయానికి రాక తప్పలేదని 1897లో వెలువడిన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఈ వాదాన్ని కొంచెం నిదానంగా చూడండి. దక్షిణాదిలో యుద్ధాలు ముగిశాయి. మద్రాసు పల్టన్లను సరిహద్దు యుద్ధాలకు పెద్దగా పంపలేదు. యుద్ధం చూడాలనీ పైకెదగాలనీ కోరుకునే బ్రిటిష్ అధికారి పంజాబు సరిహద్దు దళానికి వెళ్ళాలని చూసేవాడు, మద్రాసు పోస్టింగు అంటే మొహం చాటేసేవాడు. మంచి అధికారులు రాలేదు, శిక్షణ పలచబడింది, యుద్ధానుభవం లేదు. ఇవన్నీ ప్రభుత్వ నిర్ణయాల ఫలితాలే. వాటి ఫలితంగా కనిపించిన బలహీనతను పుట్టుక లక్షణంగా రాసేశారు. దానికి తోడు ఆ కాలపు శాస్త్రమని చలామణీ అయిన నమ్మకాలు చేరాయి: చల్లని ప్రాంతంలో గోధుమ తినేవాడు ధీరుడు, వేడి ప్రాంతంలో వరి తినేవాడు మెత్తనివాడు అని. గూర్ఖాల ఊళ్ళలో వరి పండదా, తినరా అని ఎవరూ అడగలేదు.

ఈ సిద్ధాంతాన్ని లోపలి నుంచే కొట్టేసే సాక్ష్యం ఒకటి వాళ్ళ కళ్ళ ముందే ఉంది. అది మద్రాసు సాపర్లు, అంటే సైన్యంలోని ఇంజనీరింగు దళం. వంతెనలు కట్టేది, కోట గోడలు పేల్చేది, తుపాకీ పట్టి పోరాడేది ఈ దళమే. తమిళులు, తెలుగువాళ్ళు, క్రైస్తవులు, దళితులు అందులో ఉన్నారు. ఈ దళాన్ని 1878లో మొదలైన అఫ్గాన్ యుద్ధానికి పంపారు, 1882లో ఈజిప్టుకు పంపారు, 1885లో బర్మాకు పంపారు. అదే జిల్లాల మనిషి సాపర్ల దుస్తుల్లో ఉంటే ఏ దేశానికైనా పంపదగినవాడు, పదాతిదళం దుస్తుల్లో ఉంటే పిరికివాడు. ఇది చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా తాతగారు ఇంజనీరింగు దళంలోనే పనిచేశారు.

అసలు కారణం వేరు. రష్యా మధ్య ఆసియా మీదుగా దిగివస్తోందన్న భయం 1880లలో బ్రిటిష్ వాళ్ళను పట్టి పీడించింది. 1885లో అఫ్గాన్ సరిహద్దులోని పంజ్‌దే దగ్గర రష్యన్లు అఫ్గాన్ సేనల మీద దాడి చేశాక ఆ భయం ముదిరింది. యుద్ధం వస్తే వాయవ్యంలో వస్తుంది. ఆ సరిహద్దుకు దగ్గరున్న, 1857లో తమవైపు నిలబడిన, చదువు తక్కువ ఉండి రాజకీయాల జోలికి రాని రైతుబిడ్డలు కావాలి. ఇది సైనిక అవసరం, రాజకీయ లెక్క. దాన్ని ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. దానికి జాతి సిద్ధాంతమనే ముసుగు తొడిగారు. అక్కడే నష్టం జరిగింది. అవసరం తీరిపోయాక లెక్క మారుతుంది, సిద్ధాంతం మాత్రం మనుషుల తలల్లో ఉండిపోతుంది.

19వ శతాబ్దం చివరికి తెలుగు జిల్లాల నుంచి పదాతిదళంలోకి తీసుకోవడం దాదాపు ఆగిపోయింది. మద్రాసు పల్టన్లు కొన్ని రద్దయ్యాయి. ఇంకొన్నింటిలో మద్రాసు సిపాయిలను తీసేసి సిక్కులనూ పంజాబీ ముస్లింలనూ నింపారు. 1914 నాటికి భారత పదాతిదళంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పంజాబు, నేపాల్, వాయవ్య సరిహద్దు రాష్ట్రాల వాళ్ళే. రిక్రూట్‌మెంట్ అధికారుల కోసం ఒక్కో జాతికి ఒక్కో చేతిపుస్తకం అచ్చువేశారు. ఏ కులం, ఏ తెగ, ఏ జిల్లా మంచిది, ఏది తీసుకోకూడదు అని పశువుల సంతలో చూసినట్టు వర్గీకరించారు. సైన్యంలో చేరే సిక్కు తప్పనిసరిగా అమృత దీక్ష పుచ్చుకుని, జుట్టు కత్తిరించని కేశధారిగా ఉండాలన్నారు. పంజాబులో కాలువలు తవ్వి కొత్తగా సాగులోకి తెచ్చిన కెనాల్ కాలనీల్లో మాజీ సైనికులకు భూములిచ్చారు. చీనాబ్, జీలం కాలువల కింద నీటిపారుదల ఉన్న పొలం, పింఛను, ఊళ్ళో పరువు, అన్నీ పల్టన్ నుంచే వస్తుంటే ఆ ఊళ్ళో ప్రతి తల్లీ కొడుకును సైన్యానికి పంపాలనే చూస్తుంది. మూడు తరాలకు అది నిజంగానే సైనికుల ఊరవుతుంది. అప్పుడు సిద్ధాంతం పెట్టినవాళ్ళు, "చూశారా, చెప్పాం కదా" అంటారు.

పంజాబీ సైనికుల ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళతో కలిసి మంచులో కాపలా కాశాను, నా ప్రాణం వాళ్ళ చేతుల్లో పెట్టాను. ఆ ధైర్యం వాళ్ళది, ఆ ధైర్యానికి తగిలించిన జాతి పట్టీ ప్రభుత్వానిది. ఈ రెండింటినీ విడదీసి చూడమనే నా విన్నపం.

మహారాష్ట్రలోని దళిత కులమైన మహార్ల కథ ఇంకా బాధ పెడుతుంది. బొంబాయి సైన్యంలో మహార్లు తరతరాలుగా ఉన్నారు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సేనతో జరిగిన పోరాటంలో చనిపోయిన మహార్ సిపాయిల పేర్లు అక్కడి స్తంభం మీద కంపెనీయే చెక్కించింది. అదే ప్రభుత్వం 1890లలో మహార్లను తీసుకోవడం ఆపేసింది. యోధజాతి కాదన్నారు, పై కులాల సిపాయిలు వాళ్ళ పక్కన నిలబడరన్నారు. అంబేడ్కర్ 1891లో మహూ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు. సైన్యం ఆ కుటుంబాలకు చదువునూ నెలజీతాన్నీ ఇచ్చింది. తలుపు మూయడంతో ఒక సమాజం మొత్తానికి పైకి ఎక్కే మెట్టు పోయింది. తలుపు తెరవమని 1910లో శివరామ్ జానబా కాంబ్లే అర్జీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో 111వ మహార్ పల్టన్ పెట్టారు. యుద్ధం అయిపోయింది, 1921లో రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1941 అక్టోబరులో మహార్ రెజిమెంట్‌ను మళ్ళీ నెలకొల్పారు. దళితులతో 1943లో ఏర్పాటైన చమార్ రెజిమెంట్‌ను 1946లో రద్దు చేశారు.

మద్రాసు పదాతిదళానిదీ అదే వరుస. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఖర్చు తగ్గించే పేరుతో 1928 నాటికి పాత మద్రాసు రెజిమెంట్ పూర్తిగా పోయింది. జపాన్ వాళ్ళు ముంచుకొస్తున్న రోజుల్లో మళ్ళీ లేపారు, ఆ పల్టన్లు బర్మా రంగంలో పోరాడాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లక్షలాది మంది చేరారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు. ఆ ఊరివాళ్ళు రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్ళారు.

తెలుగు నేలకు యుద్ధం రాదని సైనిక కార్యాలయంలో రాసుకున్న కాలంలోనే, 1922 నుంచి 1924 దాకా, మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన కోయలు, కొండదొరలు అదే ప్రభుత్వానికి కంటి మీద కునుకు లేకుండా చేశారు. 1922 సెప్టెంబరులో దామనపల్లి కనుమలో ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులు చాలక అస్సాం రైఫిల్స్‌ను అంత దూరం నుంచి రప్పించారు. ఆ అనుభవం తర్వాత కూడా ఏ చేతిపుస్తకంలోనూ మన్యం పేరు చేరలేదు.

ఇంతవరకూ సైన్యంలోకి ఎవరిని రానిచ్చారన్నది చెప్పాను. లోపలికి వచ్చాక ఎంత దూరం పోనిచ్చారన్నది కూడా జాతిని బట్టే ఉండేది. 1917 దాకా భారతీయుడికి రాజు కమిషన్, అంటే బ్రిటిష్ అధికారులతో సమానమైన అధికారి హోదా, లేదు. జమేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్, అక్కడితో మెట్లు ఆగిపోయేవి. పాతికేళ్ళు పోరాడిన సుబేదార్ మేజర్, ఓడ దిగి నెల కూడా కాని బ్రిటిష్ కుర్ర లెఫ్టినెంట్‌కు సెల్యూట్ చేసి నిలబడాలి. ఆ కుర్రవాడు ఇంగ్లండ్‌లో ఎంత మంచి మనసుతో పెరిగినా, రోజూ ఆ దృశ్యంలో నిలబడితే తాను పై జాతివాడినన్న నమ్మకం ఒంట పట్టకుండా ఉండదు. విక్టోరియా క్రాస్ పతకానికి భారతీయులు 1911 దాకా అర్హులే కాదు. 1914 అక్టోబరులో బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్ దాన్ని గెలిచాడు. 1915లో ఇంగ్లండ్ ఆసుపత్రిలో గాయపడిన భారతీయ సైనికుడి పక్కన ఆంగ్లేయ నర్సు నిలబడిన ఫోటో పత్రికలో వస్తే ఆక్షేపణలు రేగాయి. తమ కోసం రక్తం ధారపోసిన మనిషికి తమ దేశపు స్త్రీ సేవ చేయడం యుద్ధ కార్యాలయానికి నచ్చలేదు.

1918 నుంచి ఇంగ్లండ్‌లోని సైనికాధికారుల శిక్షణ కళాశాల శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకు ఏడాదికి 10 సీట్లిచ్చారు. 1923లో ఎనిమిది యూనిట్లను ఎంచి, కమిషన్ పొందిన భారతీయ అధికారులను వాటిలోనే వేస్తామన్నారు. బయటికి చెప్పింది భారతీయీకరణ. లోపలి ఉద్దేశం బ్రిటిష్ అధికారి ఎన్నడూ భారతీయుడి కింద పనిచేయాల్సిన పరిస్థితి రాకుండా చూడడం. సంస్కరణ పేరుతో వచ్చే విధానం కూడా జాతులను వేరుగా ఉంచే పద్ధతిని ఎలా కాపాడుతుందో విద్యార్థులకు చెప్పాలంటే నేను ముందు ఈ ఎనిమిది యూనిట్ల పథకాన్నే చెబుతాను. 1932లో డెహ్రాడూన్ సైనిక అకాడమీ తెరిచాకే ఆ గోడ పగలడం మొదలైంది.

సమాజంలో ఉన్నదే సైన్యంలోకి వస్తుందన్న మీ మిత్రుడి మాటను ఇప్పుడు చూద్దాం. కొంత వస్తుంది, కాదనను. కులం బ్రిటిష్ వాళ్ళు తెచ్చింది కాదు. అయితే సైన్యం మామూలు సంఘం లాంటిది కాదు. ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో, ఏ వంటశాలలో తినాలో, ఎవరి ఆజ్ఞ ఎవరు వినాలో ఉత్తర్వు చెబుతుంది. ఊళ్ళో పక్కింటివాడితో మాట్లాడకుండా బతకవచ్చు, కందకంలో కుదరదు. అందుకే విధానం ఇక్కడ పనిచేసినంత వేగంగా బయట పనిచేయదు, చెడుకైనా మంచికైనా.

మంచికి పనిచేసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1925లో అక్కడి ఆర్మీ వార్ కాలేజీ నివేదిక నల్లజాతి సైనికుల గురించి రాసింది చదివితే మన రాబర్ట్స్ మాటలే వినిపిస్తాయి: బుద్ధి తక్కువ, ధైర్యం తక్కువ, తెల్ల అధికారి లేకపోతే నిలబడరు. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా వాళ్ళ దళాలు వేరుగానే ఉన్నాయి, ఎక్కువ మందికి మోత పనీ లారీల పనీ ఇచ్చారు. 1944 డిసెంబరులో జర్మన్ల ఆఖరి దాడిలో పదాతిదళం పలచబడ్డాక, నల్లజాతి సైనికుల్లో ఇష్టపడినవాళ్ళను పోరాటానికి పిలిచారు. రెండు వేలకు పైగా వచ్చారు. కొందరు చేతిమీది పట్టీలు వదులుకుని మామూలు సిపాయిలుగా వచ్చారు. వాళ్ళ ప్లటూన్లను తెల్ల కంపెనీల్లో కలిపారు. తర్వాత ఆ కంపెనీల తెల్ల అధికారులనూ సార్జెంట్లనూ సైన్యమే అడిగింది. కలిసి పోరాడాక తమ అభిప్రాయం మెరుగుపడిందని నూటికి 77 మంది చెప్పారు. ఎవరూ వాళ్ళకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఒక ఉత్తర్వు వాళ్ళను ఒకే కందకంలో పెట్టింది, అంతే.

1948 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ 9981 ఉత్తర్వు ఇచ్చి సైన్యంలో సమాన అవకాశమన్నారు. అదే రోజు అన్నీ మారిపోలేదు. సైనిక శాఖ కార్యదర్శి కెన్నెత్ రాయల్ వ్యతిరేకించాడు. జనరల్స్ సాకులు చెప్పారు. ట్రూమన్ చార్లెస్ ఫెహీ నాయకత్వంలో ఒక కమిటీ వేసి, లెక్కలు అడిగిస్తూ ఒత్తిడి తెచ్చారు. కొరియా యుద్ధంలో ప్రాణనష్టం పెరిగాక కమాండర్లే జాతులను వేరుగా ఉంచడం ఖరీదు గ్రహించారు. పూర్తిగా నల్లజాతీయులతో ఉన్న 24వ పదాతి రెజిమెంట్‌ను 1951లో రద్దు చేశారు. 1954 నాటికి వేరు దళాలన్నవే లేవు. అప్పటికి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బస్సుల్లో సీట్లు ఇంకా వేరుగానే ఉన్నాయి. సమాజం మారాక సైన్యం మారిందనడానికి ఇక్కడ తావు లేదు.

మన దేశంలో 1949లో కులం, జాతి ప్రాతిపదికన భర్తీని ప్రభుత్వం సూత్రరీత్యా రద్దు చేసింది. ఆ ఏడాదే జనరల్ కరియప్ప చొరవతో అన్ని ప్రాంతాల వాళ్ళూ కలిసి ఉండే గార్డ్స్ బ్రిగేడ్ ఏర్పడింది. కరియప్పది కొడగు. అయితే పాత పదాతి రెజిమెంట్లను పాత కూర్పుతోనే ఉంచేశారు. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి జాట్లు, రాజపుత్రులు, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటామని 2013లో సైన్యం సుప్రీంకోర్టుకు చెప్పింది. పనితీరు కోసమేనని కారణం చూపింది. ఒకే భాష, ఒకే పాట, ఒకే నినాదం ఉన్న దళం గట్టిగా నిలుస్తుందన్న వాదనలో బలం ఉందని నా అనుభవంతో ఒప్పుకుంటాను. మద్రాసు రెజిమెంట్‌లో 'వీర మద్రాసీ, అడి కొల్లు' అన్న నినాదం వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కాని అందులో మలయాళీ, తమిళుడు, కన్నడిగుడు, తెలుగువాడు కలిసే ఉన్నారు. అంటే ఆ బంధం పుట్టుకతో వచ్చింది కాదు, కలిసి బతకడం వల్ల పుట్టింది. అలాంటప్పుడు ద్వారం దగ్గర కులం అడగాల్సిన పని ఏమిటని నా ప్రశ్న.

మా తాతగారు 1942లో చేరి 1946లో ఇంటికి వచ్చారు. ఆయన డిశ్చార్జి పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో ఎత్తు, ఛాతీ కొలత, పుట్టుమచ్చలతో పాటు 'క్లాస్' (జాతి లేదా కులం) అని ఒక గడి ఉంది. అందులో గుమాస్తా చేత్తో 'తెలుగు' అని రాశాడు. 1930లో అయితే ఆ ఒక్క మాట చూసి పదాతిదళం రిక్రూట్‌మెంట్ అధికారి ఆయనను గుమ్మం దగ్గర నుంచే పంపేసేవాడు. 1942లో అదే మాట చూసి చేతికి రైఫిలు ఇచ్చారు. ఈ పన్నెండేళ్ళలో తెలుగువాళ్ళ స్వభావంలో ఏం మారిందో మీ మిత్రుణ్ణి అడగండి. ఆయన ఏం చెప్పారో వీలైతే ఇక్కడే రాయండి, చదువుతాను.